చీటీలో రాయని కొలతలు

కంటి పరీక్ష ముగిశాక చేతికి వచ్చే చీటీ చాలా చిన్నది. కుడి కన్ను, ఎడమ కన్ను అని రెండు వరుసలు, ఒక్కో వరుసలో మూడు నాలుగు అంకెలు. మైనస్ 2.25, మైనస్ 0.75, 170 లాంటివి. చాలామంది ఆ అంకెలనే చూపు అనుకుంటారు. పవర్ పెరిగిందా తగ్గిందా అని అడిగి, అద్దాలు చేయించుకుని, మళ్లీ మసక వచ్చేదాకా ఆ సంగతే మరిచిపోతారు. నిజానికి ఆ చీటీ చెప్పేది ఒకే ఒక్క విషయం: కంట్లోకి వచ్చే కాంతిని ఎంత వంచితే అది రెటీనా మీద, అంటే కంటి వెనకనున్న తెర లాంటి పొర మీద, సరిగ్గా పడుతుందో. ఆ రెటీనా ఆరోగ్యంగా ఉందో లేదో చీటీలో ఉండదు. చేయించుకున్న అద్దం ముఖం మీద ఎంత ఎత్తులో, కంటికి ఎంత దూరంలో, ఏ వాలుతో నిలవాలో కూడా ఉండదు. చూపు విషయంలో జరిగే నష్టం చాలావరకు ఈ రెండు ఖాళీల్లోనే జరుగుతుంది. మొదటి ఖాళీని పూరించేది కంటి ఆరోగ్య పరీక్ష. రెండోదాన్ని పూరించేది కళ్లజోడు తయారుచేసి బిగించే ఆప్టీషియన్ నైపుణ్యం. రెండింటికీ దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు.

ముందు ఆ అంకెల అర్థం చూద్దాం. కంటి ముందు భాగంలో ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కాంతిని వంచే పనిలో ఎక్కువ భాగం దానిదే, ఆ వంచే శక్తికి కొలమానమైన డయాప్టర్లలో చెబితే సుమారు 43. దాని వెనక ఉన్న కటకాన్ని కలిపితే కంటి మొత్తం శక్తి 60 డయాప్టర్ల దాకా వస్తుంది. పెద్దవారి కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. ఈ పొడవు ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ సైటు వస్తుంది. డయాప్టర్ అనేది మీటరును తలకిందులు చేసిన లెక్క. మైనస్ 2 ఉన్నవారికి అద్దాలు లేకుండా అర మీటరు దాకా స్పష్టంగా కనిపిస్తుంది, మైనస్ 4 ఉంటే పావు మీటరు దాకానే. పిల్లలకు ఏటా పవర్ పెరుగుతోందంటే వారి కనుగుడ్డు పొడవు పెరుగుతోందని అర్థం. అద్దాలు పెట్టుకోవడం వల్ల సైటు పెరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. అద్దాలు మానుకున్నంత మాత్రాన కనుగుడ్డు పెరగడం ఆగదు. మానుకున్న బిడ్డకు మాత్రం బోర్డు కనిపించదు.

చీటీలో రెండో అంకె సిలిండర్. కార్నియా బంతిలా అన్ని వైపులా సమంగా గుండ్రంగా కాక, ఒక వైపు కాస్త ఎక్కువ వంపు తిరిగి ఉంటే కాంతి ఒకే బిందువు దగ్గర కలవదు. దీన్నే అసమదృష్టి అంటారు. మూడో అంకె ఆ వంపు ఏ కోణంలో ఉందో చెబుతుంది. ఆంగ్ల శాస్త్రవేత్త థామస్ యంగ్ 1801లో తన కంట్లోనే ఉన్న ఈ లోపాన్ని వర్ణించారు. ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ తన ఎడమ కంటి లోపాన్ని తానే కొలుచుకుని, దానికి తగిన సిలిండర్ అద్దాన్ని 1825లో ప్రపంచానికి వివరించారు. నక్షత్రాలు చుక్కల్లా కాక గీతల్లా కనిపించే కన్ను ఖగోళ శాస్త్రవేత్తను ఎంత బాధించి ఉంటుందో ఊహించవచ్చు.

గోడ మీది అక్షరాల పట్టిక 1862 నాటిది. దాన్ని రూపొందించినవారు డచ్చి నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్. 6/6 అంటే 6 మీటర్ల దూరం నుంచి మామూలు కన్ను చదవగల వరుసను చదవగలిగారని. 6/12 అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల దగ్గరకు వస్తేనే చదవగలుగుతున్నారని. 6/6 వరుసలో అక్షరం ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లకు లోపే. ఈ పట్టిక చదివించడానికి ముందే అనుభవం ఉన్న పరీక్షకులు చాలా సమాచారం సేకరిస్తారు. చీకటి గదిలో కూర్చోబెట్టి, దూరంగా చూడమని, సన్నని కాంతి గీతను కంటి మీదుగా అటూ ఇటూ కదుపుతారు. కనుపాపలో ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు గీతతో పాటు కదులుతోందా, ఎదురు కదులుతోందా అన్నదాన్ని బట్టి అద్దాలు మారుస్తూ, కదలిక ఆగి కనుపాప మొత్తం ఒక్కసారిగా వెలిగే అద్దాన్ని పట్టుకుంటారు. మాట రాని పసిబిడ్డ సైటును కూడా ఈ పద్ధతిలో కొలవవచ్చు. యంత్రంలో గడ్డం ఆనించి, గాలి బెలూను బొమ్మ చూపించి తీసే కొలత ఆరంభానికి బాగా ఉపయోగపడుతుంది. దాన్నే తుది చీటీగా రాసిచ్చే చోట మాత్రం ఆగి అడగాలి. యంత్రం ఇచ్చిన అంకెను మనిషి జవాబులతో సరిచూడకపోతే పరీక్ష సగంలోనే ఆగినట్లు.

ఆ జవాబుల్లో ఒకటి ఎరుపు, ఆకుపచ్చ పలకల పరీక్ష. సగం ఎర్రగా, సగం పచ్చగా ఉన్న తెర మీద అక్షరాలు చూపించి, ఏ రంగు మీద నల్లగా, గట్టిగా కనిపిస్తున్నాయని అడుగుతారు. మైనస్ అవసరానికి మించితే పచ్చ వైపు అక్షరాలు స్పష్టమవుతాయి. చిన్న వయసువారికి ఇది ముఖ్యం. వారి కంటి కటకం బాగా మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్కువ మైనస్ ఇచ్చినా అది సర్దుకుని చదివేస్తుంది, అక్షరాలు ఇంకా చిన్నగా, నల్లగా కనిపించి 'ఇదే బాగుంది' అనిపిస్తుంది. నాలుగు గంటల చదువు తర్వాత నుదుట నొప్పిగా ఆ పొరపాటు బయటపడుతుంది. అందుకే పిల్లలకు చుక్కల మందు వేసి, కటకం సర్దుబాటును కాసేపు ఆపి సైటు చూడాలి. కొన్ని గంటలపాటు వెలుతురు చూడలేక బిడ్డ విసుక్కుంటుంది నిజమే, కానీ ఆ చుక్కలు లేకుండా తీసిన కొలతలో కంటి లోపమెంతో, కంటి ప్రయాసెంతో విడదీయడం కష్టం.

ఇక చీటీ చెప్పని మొదటి సంగతికి వద్దాం. పట్టికలో చివరి వరుస దాకా గడగడా చదివేసిన కంట్లో కూడా జబ్బు ఉండవచ్చు. నీటికాసులు, అంటే గ్లకోమా, దీనికి పెద్ద ఉదాహరణ. దాని రకాల్లో ఎక్కువగా కనిపించేదానికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి నరంలోని పోగులు ఒక్కొక్కటీ చచ్చిపోతుంటాయి. ముందుగా పోయేది పక్క చూపు. మధ్య చూపు చాలా కాలం పదిలంగానే ఉంటుంది. ఒక కంట్లో కనిపించని చోటును రెండో కన్ను పూరిస్తుంది, రెండు కళ్లకూ కనిపించని చోటును మెదడు చుట్టుపక్కల దృశ్యంతో నింపేస్తుంది. నల్లటి మచ్చ ఏదీ కనిపించదు కాబట్టి అనుమానమే రాదు. గడపకు కాలు తగలడం, పక్కనుంచి వచ్చిన మనిషి హఠాత్తుగా ప్రత్యక్షమైనట్లు అనిపించడం లాంటివి మొదలయ్యేసరికి నరంలో చాలా భాగం పోయి ఉంటుంది. పోయిన పోగులు తిరిగి రావు. చుక్కల మందుతో, లేజరుతో, శస్త్రచికిత్సతో మిగిలినదాన్ని కాపాడగలరు. కంటి మీదికి గాలి ఊది కొలిచే ఒత్తిడి పరీక్ష ఒక్కటే సరిపోదు. మామూలుగా ఆ ఒత్తిడి పాదరస మట్టంలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ హద్దులో ఉన్నవారికీ ఈ జబ్బు వస్తుంది. అందుకే నరం ఆకారాన్ని చూడాలి, అనుమానం ఉంటే పక్క చూపును కొలవాలి. బతికి ఉన్న మనిషి కంటి లోపలి నరాన్ని నేరుగా చూసే సాధనాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1851లో అందించారు. అంతకుముందు వైద్యులకు దొరకని ఆ దృశ్యం ఇప్పుడు కొన్ని నిమిషాల పని. చేయించుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఒక్కటే, 'నాకు బాగానే కనిపిస్తోంది కదా' అన్న ధీమా.

మధుమేహం దారి వేరు. అది రెటీనా మీది సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది, మొదట్లో చూపుకు ఏమీ తెలియదు. ఏడాదికోసారి కనుపాపను మందుతో పెద్దది చేసి రెటీనాను చూపించుకోవాలని మధుమేహులకు వైద్యులు చెప్పేది ఇందుకే. మధుమేహానికి ఇంకో గుణం ఉంది. రక్తంలో చక్కెర బాగా ఎక్కువైనా, మందులతో ఒక్కసారిగా తగ్గినా కటకంలోకి నీరు చేరడం, పోవడం వల్ల సైటు తాత్కాలికంగా మారిపోతుంది. ఆ రోజుల్లో చేయించుకున్న కళ్లజోడు కొన్ని వారాలకే పనికిరాకుండా పోతుంది. నిలకడ వచ్చేదాకా ఆగమని చెప్పే ఆప్టీషియన్ తన అమ్మకాన్ని వాయిదా వేసుకుంటున్నట్లే. అలాంటివారి దగ్గరికే మళ్లీ వెళ్లడం మంచిది.

అరవై దాటినవారికి ఒక వింత ఆనందం ఎదురవుతుంది. ఇరవై ఏళ్లుగా దగ్గరి అద్దాలు లేనిదే చదవలేనివారు ఒక రోజు వాటిని పక్కనపెట్టి వార్తలు చదివేస్తారు. కళ్లు బాగుపడ్డాయని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తరచుగా దాని వెనక ఉండేది శుక్లం. కటకం మధ్యభాగం గట్టిపడి, కాంతిని ఎక్కువగా వంచడం మొదలుపెట్టి కంటిని మైనస్ వైపు నెడుతుంది. దగ్గర స్పష్టమవుతుంది, దూరం మసకబారుతుంది. భయపడాల్సిందేమీ లేదు, శుక్లానికి మంచి శస్త్రచికిత్స ఉంది. కానీ ఆ మార్పు వచ్చినప్పుడు వెళ్లాల్సింది వైద్యుడి దగ్గరికి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఆగడానికి వీల్లేదు. కంట్లో ఉన్నట్టుండి మెరుపులు మెరవడం, నల్లటి చుక్కలు గుంపుగా తేలడం, చూపుకు ఒక వైపు నుంచి తెర దించినట్లు కావడం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు కావచ్చు. మైనస్ 6 దాటినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి పుట్టి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులు అవుతుంటే అది కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిన గ్లకోమా కావచ్చు. సరళ రేఖలు వంకరగా కనిపించడం, ఒక కంటి చూపు హఠాత్తుగా పోవడం, కంట్లో రసాయనం పడటం కూడా ఇలాంటివే. రసాయనం పడితే ముందు కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, తర్వాతే బయలుదేరాలి. ఇవేవీ కళ్లజోడు దుకాణంలో తేలేవి కావు.

ఎవరి పని ఎంతవరకు అన్న దానిలో గందరగోళం చాలా ఉంది. నేత్రవైద్యులు వైద్యశాస్త్రం చదివి, జబ్బుకు మందులు, శస్త్రచికిత్స చేసేవారు. ఆప్టోమెట్రిస్టులు సైటును కొలిచి, జబ్బుల ఛాయలను పసిగట్టి, అవసరమైతే వైద్యుడి దగ్గరికి పంపేవారు. ఆప్టీషియన్లు ఆ చీటీని కళ్లజోడుగా మార్చేవారు: ఫ్రేము కుదర్చడం, అద్దం ఎంచడం, కొలతలు తీయడం, బిగించడం, తర్వాత బాగుచేయడం వారి పనులు. ఎవరికి ఏ పనికి అనుమతి ఉందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, ఒకే చోట ఆప్టోమెట్రిస్టు, ఆప్టీషియన్ ఇద్దరూ ఉండటం మామూలే. పరీక్షిస్తున్నది వీరిలో ఎవరని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం చూపు లోపం ఉన్నవారు కనీసం 220 కోట్ల మంది. వారిలో కనీసం 100 కోట్ల మంది లోపం నివారించగలిగినదో, ఇప్పటికీ సరిచేయనిదో. ఆ వంద కోట్లలో 82.6 కోట్ల మందిది చత్వారం. అంటే వారికి కావలసింది ఒక జత దగ్గరి అద్దాలు. ఈ లెక్క చూశాక కళ్లజోడు తయారీని చిన్న పనిగా చూడటం కష్టం.

ఆ తయారీని కాస్త దగ్గరగా చూద్దాం. ఆప్టీషియన్ ఎదురుగా, కంటికి కన్ను సమాన ఎత్తులో కూర్చుని, ముక్కు మీద ఒక చిన్న స్కేలు ఆనిస్తారు. 'నా ఎడమ కంటిని చూడండి' అని ఒక కనుపాప అంచు దగ్గర సున్నాను నిలిపి, 'ఇప్పుడు కుడి కంటిని చూడండి' అని రెండో దాని అంచు దగ్గర అంకె చదువుతారు. అర నిమిషం పని. ఇప్పుడు ఇదే కొలతకు యంత్రాలూ వచ్చాయి. కనుపాపల మధ్య దూరం పెద్దవారిలో చాలామందికి 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ముక్కు మధ్య నుంచి రెండు వైపులా సమానంగా ఉండాలనీ లేదు, అందుకే ఒక్కో కంటికీ విడిగా తీయడం ఉత్తమం. అద్దానికి ఒక కేంద్రం ఉంటుంది, అక్కడ మాత్రమే కాంతి పక్కకు వంగకుండా నేరుగా వెళుతుంది. ఆ కేంద్రం కనుపాపకు ఎదురుగా రావాలి.

రాకపోతే ఏమవుతుంది? లెక్క చాలా సులువు. కేంద్రం ఎంత పక్కకు జరిగిందో సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణిస్తే ఎంత ప్రిజం, అంటే కాంతిని పక్కకు వంచే ప్రభావం, పుట్టిందో తెలుస్తుంది. దీన్ని ప్రెంటిస్ సూత్రం అంటారు. ఒక ప్రిజం డయాప్టర్ అంటే మీటరు దూరంలో ఒక సెంటీమీటరు జరిగినంత. కనుపాపల దూరం 62 మిల్లీమీటర్లు ఉన్న మనిషికి 66కు అద్దాలు బిగించారనుకుందాం. ఒక్కో కంటికి 2 మిల్లీమీటర్ల తేడా. పవర్ మైనస్ 1 అయితే ఒక్కో కంటికి 0.2 ప్రిజం, ఎవరికీ తెలియదు. మైనస్ 6 అయితే ఒక్కో కంటికి 1.2, రెండూ కలిపి 2.4. దూరాన ఉన్న వస్తువు ఒకటిగా కనిపించాలంటే రెండు కళ్లూ రోజంతా బయటి వైపుకు లాగుతూ ఉండాలి. మన కళ్లు లోపలికి తిరగడానికి అలవాటుపడినవి, బయటికి లాగడానికి వాటికి ఓపిక చాలా తక్కువ. సాయంత్రానికి కణతలు నొప్పి, ఒక్కోసారి వస్తువులు రెండుగా కనిపించడం. పవర్ అచ్చంగా చీటీలో రాసినట్లే ఉంటుంది, అక్షరాలు చివరి వరుస దాకా కనిపిస్తాయి. మనిషి మాత్రం 'ఈ అద్దాలు నాకు పడలేదు' అంటాడు. నిజంగానే పడలేదు, నాలుగు మిల్లీమీటర్ల మేర. ఇంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, ఎంతోమంది దాన్ని తమ కళ్ల లోపంగానే అనుకుని సర్దుకుపోతారు.

కంటికి, అద్దానికి మధ్య దూరం కూడా ఇంతే. సాధారణంగా అది 12 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మైనస్ అద్దం కంటికి దూరం జరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల దగ్గర మైనస్ 10 అద్దం, కార్నియా దగ్గర సుమారు మైనస్ 8.93తో సమానం. అందుకే అంత పవర్ ఉన్నవారికి కాంటాక్ట్ లెన్సు మైనస్ 9 దగ్గర ఇస్తారు. అదే కళ్లజోడు ముక్కు మీద మరో 5 మిల్లీమీటర్లు జారితే 8.55కు పడిపోతుంది. దాదాపు 0.4 తేడా. చీటీలో పవర్ మారేది 0.25 మెట్లలో కాబట్టి ఒక మెట్టుకు మించిన నష్టం ఇది. పవర్ పెరిగిందేమోనని పరీక్షకు వచ్చే ఎక్కువ మైనస్‌వారిలో కొందరికి కావలసింది కాడలు సరిచేయడమే. ప్లాస్టిక్ ఫ్రేము కాడను వేడి గాలిలో మెత్తబరిచి, చెవి పైఅంచు దాటిన చోటే వంపు మొదలయ్యేలా వంచుతారు. వంపు దానికంటే ముందు మొదలైతే చెవిని కోస్తుంది, ఆలస్యంగా మొదలైతే జోడు జారిపోతుంది. లోహపు ఫ్రేము అయితే ముక్కు మీద ఆనే రెండు చిన్న దిండ్లను దగ్గరికో దూరానికో జరుపుతారు. చేతికి అలవాటైన ఈ పనికి చీటీలో గడి లేదు.

చత్వారం దగ్గర ఈ కొలతలు మరీ కీలకం. పదేళ్ల వయసులో దగ్గరివి చూడటానికి కంటి కటకం 12 డయాప్టర్ల దాకా సర్దుకోగలదు. నలభై వచ్చేసరికి అది నాలుగైదుకు, అరవై నాటికి ఒకటి దగ్గరికి పడిపోతుంది. ఇది అందరికీ వచ్చేదే, కంటి వ్యాయామాలతో ఆగేది కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు జతలు మార్చుకోలేక అద్దాలను అడ్డంగా కోయించి, పైన దూరానికి, కింద దగ్గరికి ఒకే ఫ్రేములో పెట్టించుకున్న వైనాన్ని 1785 నాటి లేఖలో వివరించారు. గీత కనిపించకుండా పవర్ క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాన్ని ఫ్రాన్సులో బెర్నార్ మైతెనాజ్ తయారుచేశారు, అది 1959లో అమ్మకానికి వచ్చింది. పైన దూరం, మధ్యలో సన్నని దారి, కింద దగ్గర. ఆ దారికి అటూ ఇటూ మసక తప్పదు, ఎంత ఖరీదైన అద్దమైనా ఆ మసకను జరపగలదు గానీ పూర్తిగా తీసేయలేదు. అందుకే ఫ్రేము ముఖం మీద సరిచేసిన తర్వాతే, నమూనా అద్దం మీద కనుపాపకు ఎదురుగా కలంతో చుక్క పెట్టి ఎత్తు కొలవాలి. ముందు కొలిచి తర్వాత ఫ్రేము సరిచేస్తే ఆ కొలత వృథా.

ఇంట్లోనే ఒక సంగతి చూడవచ్చు. ప్రోగ్రెసివ్ అద్దాన్ని దీపం వెలుతురుకు వాలుగా పట్టుకుని దాని మీద నోటి ఆవిరి ఊదితే, వెంట్రుక మందాన రెండు చిన్న గుర్తులు తేలతాయి. వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. చెవి వైపు గుర్తు కింద దగ్గరి చూపుకు కలిపిన పవర్ కనిపిస్తుంది, 2.00కు బదులు 20 అన్నట్లుగా. అద్దాలు సరిపడనప్పుడు ఆప్టీషియన్ ఈ గుర్తుల ఆధారంగానే మళ్లీ కేంద్రాలు గీసి, ముఖం మీద పెట్టి, తప్పు ఎక్కడుందో తేలుస్తారు.

కొలతల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రోజులో ఎక్కువసేపు ఏం చూస్తారు? కంప్యూటర్ తెర 60, 70 సెంటీమీటర్ల దూరంలో, కళ్లకు దాదాపు ఎదురుగా ఉంటుంది. ప్రోగ్రెసివ్‌లో ఆ దూరానికి పనికొచ్చే చోటు కిందికి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి గడ్డం పైకెత్తి గంటల తరబడి కూర్చుంటే మెడ పట్టేస్తుంది, కళ్లు బాగానే ఉంటాయి. అలాంటివారికి తెర దూరానికి వేరే జత మేలు. కుట్టుమిషన్ ముందు కూర్చునేవారి దూరం వేరు, బండి నడిపేవారిది వేరు. ఈ ప్రశ్న అడగకుండా నేరుగా ఫ్రేముల అర దగ్గరికి తీసుకెళ్లే చోట మనమే చెప్పాలి. సిద్ధంగా దొరికే చదువు అద్దాలను తప్పుపట్టనక్కర్లేదు, రెండు కళ్లకూ ఒకే సైటు ఉండి, సిలిండర్ లేనివారికి అవి పనికొస్తాయి. కానీ వాటిని కొనుక్కుని కంటి పరీక్షే మానేయడం పెద్ద నష్టం. చత్వారం వచ్చే వయసే గ్లకోమా కోసం చూడటం మొదలుపెట్టాల్సిన వయసు.

అద్దం రకం గురించి ఎక్కువ మథనపడాల్సిన పని లేదు. పవర్ ఎక్కువైతే, కాంతిని ఎక్కువగా వంచి పలుచగా వచ్చే 1.6, 1.67 సూచిక రకాలు (ఇవి పవర్ అంకెలు కావు), పిల్లలకు, ఆటలాడేవారికి, ఒక కన్నే బాగా కనిపించేవారికి సులువుగా పగలని పాలీకార్బొనేట్. మైనస్ ఎక్కువ ఉన్నవారు చిన్న ఫ్రేము తీసుకుంటే, ఖరీదైన అద్దం లేకుండానే అంచు మందం చాలా తగ్గుతుంది. పూత లేని మామూలు అద్దం ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. ఆ మెరుపును తగ్గించే పూత రాత్రి బండి నడిపేవారికి నిజంగా ఉపయోగం. నీలి కాంతిని ఆపే పూత సంగతి వేరు. 17 ప్రయోగాలను పరిశీలించి కొక్రేన్ సంస్థ 2023లో ప్రచురించిన సమీక్ష, కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసటను ఆ అద్దాలు తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం కనిపించలేదని తేల్చింది. చలువ అద్దాలు కొనేటప్పుడు నలుపు ఎంతని కాక, అతినీలలోహిత కిరణాలను ఆపుతాయా అని చూడాలి. ఆపలేని నల్లటి అద్దం వెనక కనుపాప విచ్చుకుని ఆ కిరణాలను ఇంకా ఎక్కువగా లోపలికి రానిస్తుంది.

తెర వల్ల కళ్లు మండటానికి ముఖ్య కారణం రెప్పలు. తదేకంగా చూస్తున్నప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గుతాయి, వేసినవి కూడా సగంలో ఆగిపోతాయి, కంటి మీది తడి ఆరిపోతుంది. తెరను కంటి మట్టానికి కాస్త కిందికి దించడం, ఫ్యాను గాలి ముఖం మీద పడకుండా చూసుకోవడం, ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూసి నిండుగా రెప్పలు వేయడం వల్ల చాలామందికి ఊరట దొరుకుతుంది. పొగతాగడం మానడం కూడా కంటి సంరక్షణే, శుక్లాలకూ వయసుతో వచ్చే రెటీనా క్షీణతకూ అది ముప్పు పెంచుతుంది.

పిల్లల విషయంలో కాలయాపన పనికిరాదు. పసివయసులో రెండు కళ్లలో ఒకదానికి పవర్ బాగా ఎక్కువగా ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, మెదడు ఆ కంటి దృశ్యాన్ని తోసిపుచ్చుతుంది. బిడ్డ రెండో కంటితో అన్నీ చూస్తుంది కాబట్టి ఇంట్లోవారికి తెలియదు. దీన్ని సోమరి కన్ను అంటారు. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి పట్టీ వేయడంతో చాలావరకు తిరిగి వస్తుంది. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. బడిలో చేరే ముందే ఒక్కో కన్ను మూసి పరీక్షించడం అందుకే అంత అవసరం. ఇక మైనస్ సైటు. చైనాలోని గ్వాంగ్జౌలో 12 బడుల్లో చేసిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన ఒకటో తరగతి పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి మైనస్ సైటు వచ్చింది, మామూలుగా ఉన్న పిల్లల్లో 39.5 శాతం మందికి వచ్చింది. ఒక ఆటల పీరియడు చేసిన మేలు అది. ఇప్పటికే సైటు ఉన్న బిడ్డకు పూర్తి పవర్ కాకుండా కొంచెం తగ్గించి ఇస్తే పెరగదన్న పాత పద్ధతి నిలబడలేదు. మలేసియాలో జరిగి 2002లో వెలువడిన ప్రయోగంలో అలా తగ్గించి ఇచ్చిన పిల్లలకే సైటు ఎక్కువ వేగంగా పెరిగింది.

ప్రాగ్‌లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఓట్టో విఖ్టెర్లే 1961లో పిల్లల మెకానో తరహా ఆటసామానుతో యంత్రం కట్టి తొలి మెత్తటి కాంటాక్ట్ లెన్సులు తీశారు. అవి ఇప్పుడు కోట్ల కళ్లలో ఉన్నాయి. ఒక్క నియమం మాత్రం మరవకూడదు: వాటికి మామూలు నీళ్లు తగలకూడదు. కొళాయి నీటిలో ఉండే అకాంతమీబా అనే జీవి కార్నియాను తినేసే తీవ్రమైన జబ్బు తెస్తుంది. స్నానం, ఈత, నిద్ర, మూడింటికీ ముందు తీసేయాలి. కన్ను ఎర్రబడితే ఆ క్షణమే తీసి, వాటిని పారేయకుండా డబ్బాలో పెట్టి వైద్యుడికి చూపించాలి.

కళ్లజోడు చేతికి వచ్చిన రోజున కొద్దిసేపు అక్కడే ఉండటం మంచిది. ముందుగా పవర్‌ను లెన్సోమీటర్ మీద చూపించమని అడగవచ్చు. ఆ యంత్రం అద్దం మీద మూడు సిరా చుక్కలు వేస్తుంది, నడిమి చుక్క అద్దం కేంద్రం. ఒకే పవర్ ఉన్న మామూలు అద్దమైతే ఆ చుక్కలు చెరపకముందే జోడు పెట్టుకుని, ఎదురుగా నిలబడినవారిని చూడమంటే, నడిమి చుక్క కనుపాపకు సూటిగా ఉందో లేదో ఎవరైనా చెప్పగలరు. తర్వాత దూరంగా ఒక బోర్డు, దగ్గరగా ఒక పేజీ చదవాలి. నాలుగడుగులు నడవాలి, తల వంచి నేలను చూడాలి. సిలిండర్ కొత్తగా చేరినా, కోణం మారినా నేల వాలినట్లు అనిపిస్తుంది, కొద్ది రోజుల్లో అది సర్దుకుంటుంది. జోడును రెండు చేతులతో తీయాలి, ఒక చేత్తో లాగితే ఫ్రేము ఒక పక్కకు సాగి ఇంత కష్టపడి తీసిన కొలతలన్నీ పోతాయి. పొడి చొక్కా అంచుతో తుడిస్తే దుమ్ము పూతను గీస్తుంది, ముందు నీళ్లు, చుక్క సబ్బుతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పూత పగుళ్లు తీస్తుంది.

రెండు వారాలు దాటినా తలనొప్పి తగ్గకపోతే పాత జోడునూ కొత్త జోడునూ చీటీతో పాటు తీసుకుని తయారుచేసిన చోటికే వెళ్లాలి. జాగ్రత్తగల ఆప్టీషియన్ ముందు రెండు జతల పవర్‌నూ కొలుస్తారు, తర్వాత కేంద్రాలు, తర్వాత ఎత్తు, వాలు, కంటికి దూరం చూస్తారు. పాత ఫ్రేము ముఖానికి ఎంత వంపుగా కూర్చుందో, కొత్తది ఎంత బల్లపరుపుగా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటేనే చీటీని అనుమానించి మళ్లీ పరీక్షకు పంపుతారు. ఆ వరుసలో వెతికినప్పుడు తప్పు తరచుగా రెండో మెట్టు దగ్గరో, మూడో మెట్టు దగ్గరో దొరుకుతుంది, ఒక్కోసారి ఒక మరను బిగించడంతోనో కాడను వంచడంతోనో ఆ తలనొప్పి తీరిపోతుంది.